జీడిపప్పు మీది ఎర్రపొట్టు

పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే మా పిన్ని చేతిలో చిన్న కత్తి ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. పిక్క కొట్టి పప్పు తీసి వేడికి ఆరబెట్టాక, పప్పుని అంటుకుని పల్చని ఎర్రపొర మిగులుతుంది. బద్ద విరక్కుండా దాన్ని గీకి తీయాలి. చిన్నప్పుడు ఆ పొట్టు చిటికెడు నోట్లో వేసుకున్నాను. నాలుక అంగిలికి అతుక్కుపోయినట్టయింది. "వగరురా, ఊసీ!" అంది పిన్ని.

ఆ వగరు పాలీఫినాల్స్ అనే పదార్థాల వల్ల వస్తుంది. పురుగుల నుంచి, బూజు నుంచి, మండే ఎండ నుంచి కాచుకోవడానికి మొక్క వీటిని తయారుచేసుకుంటుంది. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. పాలీఫినాల్స్ వాటిని పట్టుకుని ముద్ద కట్టించేస్తాయి. జారుడు పోతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. జీడిమామిడి పండు, నేరేడు, ఉసిరి, పాలు కలపని టీ, అన్నిటిదీ ఇదే కథ. మన చోడి (రాగి) గింజలో కూడా ఇవి ఎక్కువగా ఉండేది పైనున్న ఎర్రపొరలోనే.

వీటికీ గుండెపోటుకీ ఏమిటి సంబంధం? మా నాన్నకి స్టెంట్ వేసిన రోజు నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది.

రక్తనాళం లోపలి గోడకి ఒకే ఒక్క కణం మందంతో పల్చని పొర ఉంటుంది. షుగరు, బీపీ, పొగతాగడం ఆ పొరని దెబ్బతీస్తాయి. అప్పుడు చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ రేణువులు గోడలోకి మరింతగా చొరబడి, అక్కడ చిక్కుకుని, ఆక్సిజన్ చర్యతో పాడవుతాయి. వాటిని ఏరిపారేయడానికి వచ్చిన తెల్లకణాలు తినీ తినీ కొవ్వుతో ఉబ్బిపోయి అక్కడే ఉండిపోతాయి. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ కొవ్వుగడ్డ ఒక రోజు చిట్లితే, దానిమీద రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది.

పరీక్షనాళికలో పాలీఫినాల్స్ ఎల్‌డీఎల్ పాడవకుండా చక్కగా ఆపాయి. "యాంటీఆక్సిడెంట్" అన్న మాట అమ్మకాలకెక్కింది ఇలాంటి ఫలితాల వల్లే. కానీ మనం తిన్నవాటిలో రక్తంలోకి చేరేది కొంచెమే, అదీ పేగుల్లో, కాలేయంలో రూపం మారిపోయి. మిగిలింది పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని ముక్కలు చేస్తుంది. గాజునాళికలో జరిగిందే ఒంట్లోనూ జరుగుతుందని నమ్మడానికి లేదు.

నాకు నమ్మకం కలిగించింది వేరే ప్రయోగం. చేతికి బీపీ పట్టీ బిగించి ఐదు నిమిషాలు రక్తం ఆపుతారు. వదలగానే రక్తం ఉరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న ధమని ఆ ఒరవడికి విప్పారుతుంది, ఎంత విప్పారిందో అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు. విప్పారమని చెప్పేది లోపలి పొర విడిచే నైట్రిక్ ఆక్సైడ్. ఈ వాయువు పనిని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు అమెరికన్లకి నోబెల్ ఇచ్చారు. పాలీఫినాల్స్‌లో ఫ్లేవనాల్స్ అని ఒక రకం, ఎపికాటెచిన్ వాటిలోదే. ఇలాంటి ఫ్లేవనాల్స్ బాగా ఉన్న కోకో తాగిన రెండు గంటలకి ధమని ఇంకాస్త ఎక్కువ విప్పారింది. మా పిన్ని గీకిపడేసే పొట్టులో ఉన్నవాటిలో ఎపికాటెచిన్ కూడా ఒకటి. అలాగని ఆ పొట్టు తినమనడం లేదు. పిక్క పెంకులోని జీడి చర్మాన్ని ఎలా కాలుస్తుందో పలాసలో అందరికీ తెలుసు, అది పొట్టుకి అంటి ఉండొచ్చు.

మరి గుండెపోట్లు తగ్గాయా? 1993లో నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ పట్టణంలో 805 మంది పెద్దవయసు మగవాళ్ల లెక్కలు బయటికొచ్చాయి. టీ, ఉల్లి, యాపిల్ ద్వారా ఫ్లేవనాయిడ్లు (ఇవీ పాలీఫినాల్సే) ఎక్కువగా తిన్నవాళ్లలో గుండెజబ్బు చావులు తక్కువ. కానీ అలా తినేవాళ్లకి ఇతర మంచి అలవాట్లు కూడా ఉండొచ్చు. అది తేల్చడానికి అమెరికాలో 21,442 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్, రెండో జట్టుకి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 2022లో ఫలితాలు వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే, తగ్గాయని గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయినవాళ్లు మాత్రం 27 శాతం తక్కువ. ఆశ పుట్టించే అంకె, కానీ ఈ ఒక్కదాన్ని పట్టుకుని మందు మానేయడానికి లేదు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఎవరో అమ్మిన ఆకుపచ్చ పొడి చూసి మా నాన్న కొలెస్ట్రాల్ మాత్ర పక్కన పెట్టారు. మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చూసి డాక్టరుగారు తల పట్టుకున్నారు. గ్రీన్ టీ సారాన్ని గాఢంగా దట్టించిన మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పోరాడుతున్న ఇళ్లెన్నో ఉన్నాయి, వాళ్లు ఇలాంటి పొడులు డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

మా ఇంట్లో ఇప్పుడు పొద్దున్న చోడి అంబలి, నేరేళ్ల కాలంలో నేరేళ్లు, రాత్రి మాత్ర. ఒక్కటే మార్చాం. టీలోని పాలీఫినాల్స్ అన్నంలోని ఇనుముని పట్టుకుని ఒంటికి సరిగా అందనివ్వవు. మా పిన్నికి రక్తం తక్కువ. క్యారేజీ తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఆమెది. ఇప్పుడు ఆ గ్లాసు గంట ఆగి తాగుతోంది.