కంట్లో తేనె, చనుబాలు, పన్నీరు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో కంటి వైద్యం చేస్తున్న తెలుగువాణ్ణి కావడంతో పెరంబూరు, కొండితోపు, సౌకార్‌పేట ప్రాంతాల తెలుగు కుటుంబాలూ, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్ళూ భాష కోసం నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. వారిలో చాలామంది నా దగ్గరికి వచ్చేనాటికే కంట్లో ఏదో ఒకటి వేసుకుని ఉంటారు. "ఏం వేశారమ్మా?" అని అడిగితే, "మందులేమీ వెయ్యలేదండీ, తేనె చుక్కే. అది కూడా మా ఊరినుంచి తెప్పించుకున్న మంచి తేనె" అంటారు. తేనె వేయడం మందు వేయడం కిందికి రాదన్న ఈ నమ్మకం వల్ల చూపు పోగొట్టుకున్నవారిని చూస్తున్నాను కాబట్టి, మిగతా అపోహలకంటే దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో దొరికే సహజమైన పదార్థం కంట్లో వేసుకుంటే మేలు జరగకపోయినా కీడు జరగదు.

వాస్తవం: నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటాం. మధ్యభాగంలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. చూపు స్పష్టంగా ఉండాలి కనుక అందులో రక్తనాళాలు ఉండవు; ఆ కారణంగానే అక్కడ సూక్ష్మజీవి ప్రవేశిస్తే దానితో పోరాడే కణాలు చేరడానికి సమయం పడుతుంది. పైపొర చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు కన్నీరు, రెప్పల కదలిక దాన్ని కాపాడుతూనే ఉంటాయి. అయితే కంటిని ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. నలక పడి గీరుకున్నప్పుడో, ఎర్రబడినప్పుడో చిట్కాలు మొదలవుతాయి. సరిగ్గా పైపొర తెగి ఉన్న సమయంలోనే శుద్ధి చేయని పదార్థాన్ని లోపలికి పంపుతున్నామన్నమాట.

తేనెలో సూక్ష్మజీవుల బీజాలు చాలాకాలం బతికి ఉండగలవు. పుండ్లకు వైద్యంలో వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. వంటింటి సీసాలోని తేనెకు ఆ శుద్ధి ఉండదు. చనుబాలు బిడ్డ కడుపుకు అమృతమే, అందులో సందేహం లేదు. కానీ చర్మం మీది బాక్టీరియాతో కలిసి కంట్లో పడిన పాలు అక్కడ చేసే మేలు లేదు. సీసాల్లో అమ్మే పన్నీరులో సువాసన ద్రవ్యాలు కలుస్తుంటాయి. నందివర్ధనం పూల రసం, కొత్తిమీర రసం, ఉల్లి రసం, ఆముదం, ఇలా పేరు ఏదైనా నా సమాధానం ఒక్కటే.

"వేసిన వెంటనే మంట పుట్టి నీళ్ళు కారాయి, చెత్తంతా పోయి కన్ను తేలికైంది" అని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. ఘాటు తగిలినప్పుడు కన్ను తనను తాను కడుక్కోవడానికి నీరు వదులుతుంది, ఆ కన్నీటి వల్లే కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయిని తేనె గొప్పతనంగా భావించడం వల్లే ఈ నమ్మకం తరతరాలుగా నిలిచి ఉంది.

ఒక యువకుడి సంగతి చెప్పాలి. కట్టడం పనిలో కంట్లో ఇసుక పడితే పక్క గుడిసెలోని బాలింత చేత చనుబాలు పిండించుకున్నాడు. మర్నాటికి ఎర్రబడితే మందుల షాపుకు వెళ్ళి చుక్కల మందు కొనుక్కున్నాడు. అందులో స్టెరాయిడ్ ఉంది. రెండు రోజులు ఎరుపు తగ్గింది, పనికి కూడా వెళ్ళాడు. ఆ తర్వాత నొప్పితో రాత్రిళ్ళు నిద్ర పట్టక నా దగ్గరికి వచ్చాడు. కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరం కింద చూస్తే నల్లగుడ్డు మధ్యలో అంచులు ఈకల్లా విచ్చుకున్న బూడిదరంగు మచ్చ, దాని చుట్టూ చిన్న చిన్న చుక్కలు, కంటి లోపల అడుగున పేరుకున్న చీము కనిపించాయి. గీకి తీసిన నమూనాలో ఫంగస్ పోగులు దొరికాయి. ఫంగస్‌ను చంపే నాటమైసిన్ చుక్కలు రాత్రింబవళ్ళు గంటకొకసారి వేయించాల్సి వచ్చింది. కన్ను నిలిచింది కానీ పువ్వు, అంటే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, మిగిలింది. "ఈ పువ్వు కరుగుతుందా సార్, మళ్ళీ సెంట్రింగ్ పనికి వెళ్ళగలనా?" అని వచ్చినప్పుడల్లా అడుగుతాడు. కార్నియా మార్పిడి తప్ప ఆ చూపుకు వేరే దారి లేదు.

స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును దాచిపెడతాయి, ఫంగస్‌కు ఎదురులేకుండా చేస్తాయి, నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడిని పెంచి నీటికాసులకు (గ్లకోమా), అలాగే శుక్లానికి దారితీస్తాయి. పాత చీటీ చూపించి మందుల షాపులో అడిగి తెచ్చుకునే అలవాటును దయచేసి మానుకోండి.

నలక పడితే నలపకుండా శుభ్రమైన తాగేనీటితో కడుక్కోవాలి. గరగర తగ్గకపోతే ఆ రోజే చూపించుకోవాలి. సున్నం, సిమెంటు, యాసిడ్ పడినప్పుడు మాత్రం కాచి చల్లార్చిన నీటి కోసం వెతకవద్దు. దగ్గర్లో ఏ కుళాయి ఉంటే దాని కింద రెప్పలు తెరిచి ఇరవై నిమిషాలైనా ధారగా కడిగి, నేరుగా ఆసుపత్రికి రావాలి. తమలపాకు సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కినప్పుడు కూడా చేయవలసింది ఇదే.

ఈ నగరం పేరు మోస్తున్న మద్రాస్ ఐ విషయానికి వస్తే, కళ్ళకలక వచ్చిన మనిషి వైపు చూస్తే అంటుకోదు. ఆ పుసి అంటిన చేతుల ద్వారా, తువ్వాలు, దిండు గలేబుల ద్వారా అంటుకుంటుంది. నల్ల కళ్ళద్దాలు వెలుతురు బాధను తగ్గిస్తాయే తప్ప ఎదుటివారిని కాపాడవు. ఎక్కువగా అడినోవైరస్ వల్ల వచ్చే ఈ జబ్బు ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. చూపు మసకబారినా, వెలుగు చూడలేకపోయినా, నొప్పి ఎక్కువైనా ఆగకూడదు. పుట్టిన మొదటి రోజుల్లో శిశువు కళ్ళలో పుసి కడితే కళ్ళకలకేనని సరిపెట్టుకోకుండా ఆ రోజే తీసుకురండి.

ఆహారం గురించి అడిగే తల్లుల ఆత్రం నాకు తెలుసు. "రోజూ క్యారెట్ రసం ఇస్తున్నాం, అద్దాలు ఎప్పుడు పోతాయి?" అంటారు. దగ్గరివే కనిపించే దోషం సాధారణంగా కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల వస్తుంది. ఆ పొడవును ఏ రసమూ, ఏ కంటి వ్యాయామమూ తగ్గించలేదు. అద్దాలు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందన్నదీ నిజం కాదు. నంబరు రాకుండా ఆపడంలో కొంత ఫలితం కనిపించినది రోజుకు రెండు గంటల ఆరుబయట ఆట. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటికి మాత్రం ఆహారమే మొదటి రక్షణ. అందుకు క్యారెట్టే కానక్కరలేదు. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు పచ్చసొన, పాలు ఉన్నాయి. కంటికి మంచిదని మన పెద్దలు పొన్నగంటికూరనూ, ఇక్కడి తమిళులు అదే ఆకును పొన్నాంగణ్ణి పేరుతోనూ వండుతారు. అది మానవలసిన పని లేదు. ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటబట్టాలంటే కాస్త నూనెతో వండాలి. తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ళ దాకా పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే విటమిన్ ఎ మోతాదులను తప్పించవద్దు, అలాగని సొంతంగా క్యాప్సూళ్ళు కొనవద్దు. మోతాదు మించితే ముఖ్యంగా గర్భిణులకు హాని.

కీరా ముక్కలు కళ్ళకు చల్లదనాన్ని ఇస్తాయి, కళ్ళ కింది నలుపును పోగొట్టవు. ఆ నలుపు కొందరికి వంశపారంపర్యం, కొందరికి అలర్జీతో కళ్ళు రుద్దుకోవడం వల్ల వచ్చేది. పసిపిల్లలకు కాటుక పెడితే కళ్ళు పెద్దవి కావు. సుర్మాలో సీసం ఉండే అవకాశం ఉంది కనుక అది అసలే వద్దు.

అందమైన, తేటైన కళ్ళ కోసం ఇంట్లో చేసుకోదగినది ఒకటి ఉంది. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద అయిదు పది నిమిషాలు ఉంచి, గుడ్డ చల్లారితే మళ్ళీ ముంచి, ఆ తర్వాత వెంట్రుకల మొదళ్ళను మెల్లగా తుడవాలి. రెప్పల అంచులోని నూనె గ్రంథులు తెరుచుకుని కన్నీరు త్వరగా ఆరిపోకుండా ఉంటుంది. కంప్యూటర్ ముందు రెప్ప వేయడం తగ్గి కళ్ళు మండే ఐటీ ఉద్యోగులకు కూడా నేను మొదట చెప్పేది ఇదే. రెండు మూడు వారాలు చేసినా ఎరుపు తగ్గకపోతే గ్రంథులను పరీక్షించవలసి ఉంటుంది.