ఫ్యాక్టరీలు ఎవరి చేతికి వెళ్లాయి? రష్యా, పోలండ్‌ల 1990లు

1992 అక్టోబరు 1 నుంచి రష్యాలో పసిపిల్లలతో సహా ప్రతి పౌరుడికీ ప్రైవేటీకరణ వోచర్లు, అంటే ప్రభుత్వ సంస్థల్లో వాటాలుగా మార్చుకోగల కాగితాలు, పంచడం మొదలైంది. ఒక్కోదాని ముఖ విలువ 10,000 రూబుళ్లు, తీసుకోవడానికి కట్టాల్సిన రుసుము 25 రూబుళ్లు. డెబ్భై ఏళ్లుగా ‘ప్రజల ఆస్తి’గా చెలామణీ అయిన ఫ్యాక్టరీల్లో ఇప్పుడు ఆ ప్రజలకు నిజంగానే వాటా దక్కుతుందని ప్రభుత్వం చెప్పింది. వోచరు విలువ రెండు వోల్గా కార్లకు సమానమవుతుందని ప్రైవేటీకరణ వ్యవహారాలు చూసిన అనతోలీ చుబైస్ ప్రకటించారు. కొద్ది నెలల్లోనే అది కొన్ని వోద్కా సీసాల ధరకు దిగజారింది.

జనం ఆ వోచర్లను అమాయకంగా అమ్ముకున్నారనడం అన్యాయం. అదే ఏడాది జనవరి 2న ఆర్థిక సంస్కరణలు నడిపిన యెగోర్ గైదార్ బృందం చాలా సరుకుల ధరలపై నియంత్రణ ఎత్తేసింది. ఏడాది తిరిగేసరికి ద్రవ్యోల్బణం సుమారు 2,500 శాతానికి చేరింది. బ్యాంకులో దాచుకున్న జీవితకాలపు పొదుపు హారతి కర్పూరమైంది. ఇంట్లో రొట్టెకే వెతుకులాట అయినప్పుడు వాటాల కాగితాన్ని ఎవరు దాచుకుంటారు? దీనికి తోడు, ఉద్యోగులూ యాజమాన్యమూ కలిసి 51 శాతం వాటా కొనుక్కునే పద్ధతినే చాలా సంస్థలు ఎంచుకున్నాయి. పేరుకు కార్మికుల యాజమాన్యం, పెత్తనం మాత్రం పాత సోవియట్ డైరెక్టర్లదే. ఆ తర్వాతి ఏళ్లలో జీతాలు నెలల తరబడి నిలిచిపోయాయి. గాజు సామాన్లకు పేరుపడ్డ గూస్ ఖ్రుస్తాల్నీలో కార్మికులకు జీతం బదులు గాజు సామానే ఇచ్చారు. వాళ్లు దాన్ని రోడ్ల పక్కన పెట్టి అమ్ముకున్నారు.

అసలైన పంపకం 1995లో జరిగింది. ఖజానా ఖాళీ, మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలు, కమ్యూనిస్టులు మళ్లీ బలం పుంజుకుంటున్నారు. బ్యాంకుల దగ్గర అప్పు తీసుకుని, చమురు, లోహ సంస్థల వాటాలను అధ్యక్షుడు యెల్త్సిన్ ప్రభుత్వం తాకట్టు పెట్టింది. ఎవరు అప్పిచ్చి ఆ వాటాలు పట్టుకోవాలో వేలంలో తేల్చారు. చాలావరకు వేలం నిర్వహించిన బ్యాంకుకు చెందినవారే గెలిచేవారు. ప్రభుత్వం అప్పు తీర్చకపోవడంతో వాటాలు వాళ్లకే మిగిలాయి. నోరిల్స్క్ నికెల్ వేలంలో ప్రారంభ ధర 17 కోట్ల డాలర్లు, గెలిచిన పాట 17.01 కోట్లు. అంతకు రెట్టింపు పాడిన పోటీదారును సాంకేతిక కారణాలు చూపి పక్కన పెట్టేశారు. యూకోస్ చమురు సంస్థలో 45 శాతం వాటా 15.9 కోట్ల డాలర్లకు బ్యాంకు యజమాని మిఖాయిల్ ఖొదర్కోవ్‌స్కీ బృందానికి దక్కింది. అడ్డికి పావుసేరు బేరమంటే ఇదే.

మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చేసి పంపిన పుస్తకాలతో ఎదిగిన మన పాఠకుల్లో కొందరికి సోవియట్ పతనం సిద్ధాంతం ఓడిపోవడం, మరికొందరికి పాశ్చాత్య కుట్ర. ఈ రెండు వాదనల్లోనూ ఆస్తి ఏ క్రమంలో, ఎవరి నిఘాలో చేతులు మారిందన్న లెక్క కనిపించదు. ఆ లెక్క తీస్తే పోలండ్ కథ వింతగా ఉంటుంది.

పోలండ్ కూడా ధరలను ఒక్కసారిగానే వదిలేసింది. 1990 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఆర్థిక మంత్రి బాల్సెరోవిచ్ సంస్కరణల ప్రణాళిక వల్ల ఆ ఒక్క నెలలోనే ధరలు 80 శాతం దాకా పెరిగాయి. వార్సా కాలిబాటల మీద మడతమంచాలు వేసుకుని సరుకులమ్మే చిల్లర వ్యాపారులు పుట్టుకొచ్చారు. కానీ పెద్ద ఫ్యాక్టరీల అమ్మకం మాత్రం నత్తనడకన సాగింది. అది ఎవరో ముందుచూపుతో చేసింది కాదు. ప్రభుత్వాన్ని గద్దెనెక్కించిన సాలిడారిటీ స్వయంగా కార్మిక సంఘం, ఫ్యాక్టరీల్లో కార్మిక మండళ్లు బలంగా ఉన్నాయి, పార్లమెంటులో తగాదాలు తెగలేదు. ఆ ఆలస్యమే దేశానికి మేలు చేసిందని నా అభిప్రాయం.

పోలండ్‌కు కలిసివచ్చినవి ఇంకా ఉన్నాయి. కమ్యూనిస్టుల హయాంలోనూ సాగుభూమిలో నాలుగింట మూడు వంతులు రైతుల సొంతం. ప్రభుత్వాలకు బాకీపడ్డ విదేశీ రుణంలో సగం తగ్గించేందుకు 1991లో అప్పిచ్చిన దేశాల కూటమి పారిస్ క్లబ్ ఒప్పుకుంది. పని పోయినవారిలో చాలామందిని ముందస్తు పింఛన్లు ఆదుకున్నాయి. సంస్కరణలతో విసిగిన ఓటర్లు 1993లో మాజీ కమ్యూనిస్టులనే గెలిపించారు. వాళ్లు మార్కెట్టును రద్దు చేయలేదు, పింఛన్లనూ కోసేయలేదు. 1996 నాటికి ఉత్పత్తి 1989 స్థాయిని అందుకుంది. రష్యాకు అందుకు ఇంకో పదేళ్లు పట్టింది. ఇక గద్దె దిగకుండానే 1986లో మార్కెట్ బాట పట్టిన వియత్నాం కమ్యూనిస్టు పార్టీ కథ వేరు. రాజకీయ మార్పు లేని ఆ దేశాన్ని ఈ రెండింటి పక్కన నిలబెట్టి తీర్పు చెప్పడం సరికాదు.

రష్యాలో తాకట్టు వేలాల వ్యవహారం 1995తో ముగిసిపోలేదు. 2003లో ఖొదర్కోవ్‌స్కీ అరెస్టయ్యారు. 2004 డిసెంబరులో పన్ను బకాయిల కింద యూకోస్‌కు ప్రధానమైన చమురు ఉత్పత్తి విభాగాన్ని ప్రభుత్వం వేలం వేసింది. అంతవరకూ ఎవరూ పేరు వినని ఒక కంపెనీ దాన్ని సుమారు 935 కోట్ల డాలర్లకు పాడుకుంది. కొద్ది రోజులకే ఆ కంపెనీని ప్రభుత్వ చమురు సంస్థ రోస్‌నెఫ్త్ కొనేసింది. పన్నెండేళ్ల కిందట వోచర్లు అందుకున్న జనానికి ఈసారి కాగితం ముక్క కూడా రాలేదు.