సైబర్: ఓడ చుక్కాని నుంచి డిజిటల్ అరెస్టు దాకా

ఈమధ్య మన పేపర్లలో 'సైబర్' అన్న మాట కనిపిస్తే పక్కనే మోసమో, నేరగాళ్లో, పోలీసులో ఉంటున్నారు. పాతికేళ్ల కిందట హైదరాబాద్‌లో ఇదే మాట వింటే ఉద్యోగాలు, అద్దాల మేడలు గుర్తొచ్చేవి. ఇంకా వెనక్కి వెళ్తే దీనికి కంప్యూటర్‌తో సంబంధమే లేదు. ఈ మాట పుట్టింది ఓడ మీద. ఇది ఎక్కడెక్కడ తిరిగి మన దాకా వచ్చిందో తెలిస్తే, ఇప్పుడు జరుగుతున్న మోసాలు మనుషుల్ని ఎలా లొంగదీసుకుంటున్నాయో కూడా కొంత అర్థమవుతుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ప్రాచీన గ్రీకులో చుక్కాని పట్టి ఓడ నడిపేవాణ్ణి 'కుబెర్నేటెస్' అనేవాళ్లు. గోదావరి లాంచీ మీద సరంగు చేసే పని అన్నమాట. రాజ్యాన్ని ఓడతో పోల్చినప్పుడు ప్లేటో వాడిన మాట కూడా ఇదే, అంటే ఓడ నడపడం, రాజ్యం నడపడం అనే రెండర్థాలూ అప్పటికే పక్కపక్కన ఉన్నాయి. రోమన్ల నోట ఇది 'గుబెర్నారె' అయింది, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి 'గవర్న్' అయింది. మనం రోజూ అనే గవర్నమెంటు, గవర్నరు ఇందులోంచి వచ్చినవే.

చుక్కాని పనిలో ఒక కిటుకుంది. పెద్ద పడవ తిప్పగానే తిరగదు, కాసేపు మొండికేస్తుంది, తీరా తిరగడం మొదలయ్యాక చుక్కాని వదిలేసినా తిరుగుతూనే ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాడు ముందుభాగం అనుకున్న దిక్కుకు రాకముందే చుక్కానిని వెనక్కి తెస్తాడు, అవసరమైతే కాస్త ఎదురు తిప్పుతాడు. తను చేసినదాని ఫలితం ఎప్పటికప్పుడు చూసుకుంటూ దాన్నిబట్టి మళ్లీ సర్దుకోవడమే ఆ విద్య. కొత్తవాడు ఆలస్యంగా తిప్పుతాడు, ఎక్కువ తిప్పుతాడు, పడవ వంకర్లు పోతుంది.

ఈ పనిని మనిషి లేకుండా చేయించింది జేమ్స్ వాట్, 1788లో. ఆవిరి ఇంజన్ మీద బరువు తగ్గితే వేగం పెరిగిపోయేది, బరువు పెరిగితే మందగించేది. ఆయన ఇంజన్‌తో పాటు తిరిగే ఒక నిలువు కడ్డీకి రెండు ఇనుప గుండ్లు వేలాడదీశాడు. వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకుని పైకి లేస్తాయి, వాటికి కట్టిన మీటలు ఆవిరి దారిని మూస్తాయి. వేగం తగ్గితే గుండ్లు కిందికి దిగుతాయి, దారి తెరుచుకుంటుంది. ఈ గుండ్ల ఏర్పాటు అంతకుముందే గాలిమరల్లో ఉండేది, వాట్ దాన్ని ఆవిరికి తెచ్చాడు. దాని పేరు గవర్నర్. పొలంలో నీళ్లు తోడిన పాత డీజిల్ ఇంజన్లు బాగుచేసిన మెకానిక్కులకు ఈ పేరు బాగా తెలుసు. లారీలను 80 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడ్ గవర్నర్ కూడా ఈ పేరు మోస్తున్నదే.

అయితే కొన్ని ఇంజన్లు గవర్నర్ పెట్టినా కుదురుగా ఉండేవి కావు, వేగం పెరగడం తగ్గడం పెరగడం, అలా ఊగుతూనే ఉండేవి. గవర్నర్ ఎప్పుడు కుదురుకుంటుంది, ఎప్పుడు ఊగిపోతుంది అని లెక్కగట్టి 1868లో పరిశోధన పత్రం రాసింది మాక్స్‌వెల్, విద్యుదయస్కాంత సిద్ధాంతం ఇచ్చిన ఆయనే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా గణితవేత్త నార్బర్ట్ వీనర్ విమానాల్ని కూల్చే ఫిరంగుల గురి మీద జూలియన్ బిగెలో అనే ఇంజనీరుతో పనిచేశాడు. ఎక్కువ సర్దితే గురి ఊగిపోతుందని వాళ్లకు అర్థమై, మనిషి నరాల్లోనూ ఇలాంటిది ఉంటుందా అని డాక్టర్ మిత్రుడు ఆర్తురో రోజెన్‌బ్లూత్‌ను అడిగారు. ఉంటుందన్నాడాయన. మెదడులో చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్లు పెన్సిల్ అందుకోబోతే చెయ్యి దాన్ని దాటిపోతుంది, వెనక్కి తెస్తే మళ్లీ దాటిపోతుంది, అలా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఇంజన్, ఫిరంగి, చెయ్యి, మూడింటిలోనూ ఒకే సూత్రం! నాకు ఈ కథంతటిలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే. ఈ సూత్రాన్ని చదివే కొత్త శాస్త్రానికి పేరు కోసం వెతికి, గవర్నర్ మీద మాక్స్‌వెల్ రాసిన పత్రాన్ని తలుచుకుని, దాని గ్రీకు మూలానికి వెళ్లి 1947లో 'సైబర్నెటిక్స్' అన్నారు, మరుసటి ఏడు వీనర్ పుస్తకం వచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ అంతకు నూరేళ్ల ముందే పరిపాలనా శాస్త్రానికి దాదాపు ఇదే పేరు పెట్టి ఉన్నాడు. 1955-56లో వీనర్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు, మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు దశాబ్దాలపాటు పనిచేసిన సంస్థ అది.

ఆ తర్వాత ఈ మాటను ఎవరికి కావలసినట్టు వాళ్లు లాక్కున్నారు. సోవియట్ యూనియన్ మొదట అది బూటకపు శాస్త్రమని తిట్టిపోసి తర్వాత దేశ ఆర్థిక వ్యవస్థను నడపడానికి దాన్నే నెత్తికెత్తుకుంది, చిలీలో అయెండే ప్రభుత్వం ఫ్యాక్టరీల సమాచారాన్ని టెలెక్స్‌లో తెప్పించుకుంటూ అలాంటి పని మొదలుపెడితే 1973 సైనిక కుట్రతో అది ఆగిపోయింది. మాట తోక తెగింది మాత్రం కథల వల్ల. 1982లో విలియమ్ గిబ్సన్ అనే రచయిత 'సైబర్‌స్పేస్' అన్నాడు, వినసొంపుగా ఉందని అందరూ 'సైబర్'ను పట్టుకున్నారు. సర్దుకుంటూ నడపడం అన్న అసలర్థం జారిపోయి నెట్‌కు సంబంధించినదేదైనా సైబర్ అయింది.

మనకు అందింది ఆ తోక తెగిన మాటే. 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించారు, కొన్నేళ్లకు సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ వచ్చింది. 2000లో ఐటీ చట్టం అమల్లోకి వచ్చాక ఈ మాట పోలీసు స్టేషన్లకూ కోర్టులకూ చేరింది. ఫోన్లో బ్యాంకింగ్, యూపీఐ ఇంటింటికీ రాగానే మోసాలూ వచ్చాయి.

డిజిటల్ అరెస్టులో జరిగేది చూడండి. పోలీసులమని చెప్పుకుంటూ, మీ పేరుతో పార్సిల్లో డ్రగ్స్ దొరికాయని మోసగాళ్లు వీడియో కాల్ చేసి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి లైన్లోనే ఉంచుతారు. కెమెరా ఆపనివ్వరు, ఇంట్లోవాళ్లకు చెప్పనివ్వరు. ముఖంలో భయం తగ్గినట్టు కనిపిస్తే ఇంకో 'ఆఫీసర్' వచ్చి గద్దిస్తాడు, మరీ బెదిరిపోయి ఏడిస్తే 'మీరు మంచివారు, నేను సాయం చేస్తాను' అంటాడు మరొకడు. చూడడం, సర్దడం, మళ్లీ చూడడం. వీనర్ రాసిన సూత్రమే, ఇక్కడ చుక్కాని దొంగ చేతిలో ఉంది. చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు కూడా పడిపోతున్నారంటే కారణం తెలివి తక్కువై కాదు, ఆ కాల్ నడిచినంతసేపూ వాళ్ల ప్రతి కదలికా అవతలివాడికి అందుతూనే ఉండటం. దయచేసి వాళ్లను వెక్కిరించకండి.

అందుకే మొదట చేయాల్సింది కాల్ కట్ చేయడం, వాదించడం కాదు, ఎందుకంటే మీరు వాదించినా వాడికి సమాచారమే. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదని 2024 అక్టోబరులో ప్రధాని కూడా తన రేడియో ప్రసంగంలో చెప్పారు. డబ్బు అప్పటికే పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుతుండగానే బ్యాంకులు ఆపగలిగితే ఆపుతాయి, గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.