కడుపు క్యాన్సర్: కొరియాలో 69, బ్రిటన్‌లో 21. ఈ తేడాలో నిజమెంత?

ధనిక దేశాల క్యాన్సర్ లెక్కలు పక్కపక్కన పెట్టినప్పుడల్లా ఇదే రగడ: తేడా నిజంగా ఉన్నదా, లెక్కపెట్టే తీరులోదా? 2010-14 మధ్య కడుపు క్యాన్సర్ బయటపడినవారిలో అయిదేళ్ల మనుగడ (అయిదేళ్ల తర్వాతా బతికున్నవారి వాటా) దక్షిణ కొరియాలో 68.9 శాతం, జపాన్‌లో 60.3. బ్రిటన్‌లో 21 లోపే. దేశదేశాల క్యాన్సర్ మనుగడను పోల్చిన కాంకర్డ్-3 అధ్యయనం 2018లో బయటపెట్టిన ఈ అంకెలే మళ్లీ చర్చకొచ్చాయి.

గొడవ మూలం 1997లో ఉంది. జపాన్ రోగుల కడుపులోంచి తీసిన ముక్కల స్లైడ్లు 35, చూసిన పెథాలజిస్టులు (కణాలను పరీక్షించి రోగం తేల్చే డాక్టర్లు) ఎనిమిది మంది. కొందరు జపాన్ వాళ్లు, మిగతావారు ఐరోపా, ఉత్తర అమెరికా వాళ్లు. ‘ముదిరిన డిస్‌ప్లాసియా (కణాల రూపం చెడిన దశ), ఇంకా క్యాన్సర్ కాదు’ అని పాశ్చాత్యుల్లో ఎక్కువమంది అన్న 12 స్లైడ్లలో 11 కచ్చితంగా క్యాన్సరేనని జపాన్ డాక్టర్లు తేల్చారు. కణాలు కింది పొరలోకి చొచ్చుకుపోతేనే క్యాన్సరని పాశ్చాత్యుల పద్ధతి. కణాల, గ్రంథుల రూపం చెడితే చాలని జపాన్ వాళ్లది. లాన్సెట్ వైద్య పత్రికలో ఇది అచ్చయ్యాక ఇరుపక్షాలూ కలిసి, ఇలాంటి మచ్చలకు ఉమ్మడి పేర్లు పెట్టే వియన్నా వర్గీకరణ తెచ్చాయి. అయినా పాత అలవాట్లు ఒక్కసారిగా పోతాయా?

‘ప్రాణం తీయని మచ్చల్ని కూడా కలిపితే శాతం పెరగదా’ అని బ్రిటన్‌ను వెనకేసుకొచ్చేవారి ప్రశ్న. కొంత న్యాయమే.

కానీ ఆస్ట్రేలియా పేరెత్తితే ఈ వాదన నీరుగారిపోతుంది. అక్కడి పెథాలజీ కూడా పాశ్చాత్య పద్ధతిదే. ఏడు దేశాలను పోల్చిన 2019 అధ్యయనంలో కడుపు క్యాన్సర్ మనుగడ ఆస్ట్రేలియాలో 32.8 శాతం, బ్రిటన్‌లో 20.8. బ్రిటన్ మనుగడ తక్కువగా కనిపించడానికి తప్పు క్యాన్సర్ రిజిస్ట్రీల (రోగుల వివరాలు రాసే పట్టీల) నమోదుదేనని 2010లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వాలెరీ బెరల్, రిచర్డ్ పీటో వాదించారు. నమోదు తప్పులతో ఇంత తేడా రాదని మరుసటి ఏడాదే మరో బృందం లెక్కగట్టి చూపింది.

ఇక మిగిలింది, రోగాన్ని ముందే పట్టే ఎండోస్కోపీ (గొట్టం దింపి కడుపు లోపల చూసే పరీక్ష). కొరియాలో 40 దాటితే, ఏ బాధా లేకున్నా, రెండేళ్లకోసారి కడుపు స్క్రీనింగ్ ఉంటుంది. బ్రిటన్‌లో 2015 మార్గదర్శకాల ప్రకారం అర్జెంట్ ఎండోస్కోపీకి పంపాలంటే మింగడం కష్టమవ్వాలి. అప్పటికి గడ్డ దారి మూసేస్తూ ఉంటుంది. లేదా వయసు 55 నిండి, బరువు తగ్గి, దానికి తోడు కడుపు పైభాగంలో నొప్పో, మంటో, అజీర్తో ఉండాలి.