ఏజెన్సీలో అడవి, నీరు, గ్రామసభ: అపోహలు - వాస్తవాలు

ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల గుర్తింపు) అంటే పోడు పట్టా. ఏజెన్సీలో ఎవరిని అడిగినా ఇదే మాట, మండలాఫీసులోనూ ఇదే మాట. నిజానికి 2006 అటవీ హక్కుల చట్టంలో పోడు భూమి ఒక ముక్క మాత్రమే. అడవిని, ఊటను, గెడ్డను (కొండ వాగును) ఊరూ సర్కారూ కలిసి ఎలా చూసుకోవాలో ఆ చట్టంలో చాలా ఉంది. దానికి తోడు పంచాయతీరాజ్‌ను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం. వీటి చుట్టూ తిరిగే అపోహలను, పని ఎక్కడ చెడుతుందో చూపిస్తూ, కింద రాస్తున్నాం.

అపోహ: సర్పంచి సంతకం, పంచాయతీ తీర్మానం ఉంటే గ్రామసభ జరిగినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఇదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామం అంటే పంచాయతీ కాదు. తమ ఆచారం ప్రకారం తమ వ్యవహారాలు తామే చక్కబెట్టుకునే ఆవాసం, అంటే మన మాటల్లో గూడెం. పెసాలో ఉన్న ఈ నిర్వచనాన్నే అటవీ హక్కుల చట్టమూ తీసుకుంది. ఒక పంచాయతీ కింద తొమ్మిది గూడేలుంటే తొమ్మిది గ్రామసభలు ఉండొచ్చు. నియమగిరి కేసులో 2013లో సుప్రీంకోర్టు బాక్సైట్ తవ్వకాల ప్రశ్నను గ్రామసభల ముందు పెట్టమన్నప్పుడు, ఒడిశాలో 12 ఊళ్లు వేర్వేరుగా, జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుడి ఎదుట కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. అన్నిటినీ కలిపి ఎక్కడో ఒకచోట ఒకే సభ పెట్టి ఉంటే ఆ తీర్మానాలకు అంత బలం వచ్చేది కాదు.

ఇక కోరం. 2012 సవరణ తర్వాత నిబంధన ఇదీ: గ్రామసభ సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. హక్కుల దావాల (హక్కు కోరుతూ పెట్టే దరఖాస్తుల) మీద తీర్మానమైతే దావా వేసినవాళ్లలో సగం మంది గానీ వాళ్ల ప్రతినిధులు గానీ హాజరు కావాలి. సభ్యులంటే వయోజనులందరూ. చాలాచోట్ల ఇంటికొకరి లెక్కన జరిపేస్తారు. 70 ఇళ్ల గూడెంలో ఇంటికొకరు వచ్చారనుకోండి, చూడ్డానికి సభ నిండుగానే ఉంటుంది. కానీ ఆ ఊళ్లో 180 మంది వయోజనులుంటే కావాల్సింది 90 మంది, అందులో కనీసం 30 మంది ఆడవాళ్లు. డెబ్భై మందితో చేసిన తీర్మానాన్ని దావాలు పరిశీలించే పై కమిటీ (సబ్ డివిజన్, జిల్లా స్థాయిది) ఒక్క వాక్యంతో పక్కన పెట్టగలదు.

మినిట్స్ బుక్ ఎలా ఉండాలి? తేదీ, చోటు, మొదలైన వేళ, ఊళ్లో మొత్తం వయోజనులు, వచ్చిన మగవాళ్లు, ఆడవాళ్లు, తర్వాత తీర్మానం, దాని కింద ఖాళీ వదలకుండా సంతకాలు, వేలిముద్రలు. తీర్మానం ఒక కాగితం మీద, హాజరు ఇంకో కాగితం మీద పెట్టించుకోవడం పాత అలవాటు. ఆ హాజరు కాగితం రేపు ఏ తీర్మానానికైనా అతుకుతుంది. సంతకం పెట్టేముందు తీర్మానాన్ని కువి, కోయ, ఆదివాసీ ఒడియా, ఊళ్లో ఏది మాట్లాడితే అందులో బిగ్గరగా చెప్పించండి. చెప్పించినట్టు బుక్‌లో రాయించండి.

అపోహ: శాటిలైట్ ఫొటోలో కనిపించకపోతే దావా చెల్లదు.

శాటిలైట్ ఫొటో మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తుందే తప్ప వాటి స్థానంలోకి రాదని నిబంధనల్లోనే రాసి ఉంది. కావాల్సింది ఒకటి కన్నా ఎక్కువ సాక్ష్యాలు: ప్రభుత్వ రికార్డు, పాత జరిమానా రసీదు, గట్లు, ఇల్లు, పెద్దల వాంగ్మూలం. వాంగ్మూలం ఇచ్చే పెద్ద ఆ దావా వేసినవారై ఉండకూడదు. ఇది మరిచిపోయి ఇంటాయన చేతే రాయిస్తుంటారు. సామూహిక హక్కుకైతే సాక్ష్యం ఊరి చుట్టూనే ఉంటుంది. విస్తర్లకు అడ్డాకు ఏరే కొండ, దుంపలు తవ్వే చోటు, పశువులు నీళ్లు తాగే మడుగు, చేపలు పట్టే గెడ్డ, దేవర చెట్లు, శ్మశానం, ఊరివాళ్లు తవ్వుకున్న సాగు కాలువ అన్నీ సాక్ష్యాలే.

వ్యక్తిగత హక్కు గురించి క్లుప్తంగా చెప్పాలంటే, ఎస్టీలకు 13-12-2005 నాటికి సాగులో ఉన్న భూమి, గరిష్ఠంగా 4 హెక్టార్లు, భార్యాభర్తల ఇద్దరి పేరునా వస్తుంది. వారసులకు వెళ్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు.

సర్వే రోజున చేయాల్సింది ఒకటుంది. 10 నుంచి 15 మందితో ఉండే అటవీ హక్కుల కమిటీ రేంజ్ ఆఫీసుకూ తహసీల్దారుకూ ముందే లిఖితంగా తెలియజేసి, రెండో ప్రతి మీద స్టాంపు వేయించుకోవాలి. వాళ్లు వచ్చి, చూసి, హోదా, తేదీతో సంతకం చేయాలి. రాకుండా, తర్వాత "మేం లేనప్పుడు చేశారు" అని అభ్యంతరం పెడితే దావా మళ్లీ గ్రామసభకు వస్తుంది, మళ్లీ సర్వే చేస్తారు. రెండోసారీ రాకపోతే గ్రామసభ చెప్పిందే ఖాయం. ఆ స్టాంపు కాగితం లేని ఊరికి ఈ నిబంధన ఉన్నా లేనట్టే.

అపోహ: వీఎస్‌ఎస్ ఉంది కాబట్టి అడవి మీద సామూహిక హక్కు ఉన్నట్టే.

వన సంరక్షణ సమితి అటవీశాఖ ఉత్తర్వుతో పుట్టింది. ఉత్తర్వు మారితే అదీ మారుతుంది. సామూహిక అటవీ వనరుల హక్కు గ్రామసభది, పార్లమెంటు చట్టం ఇచ్చింది. దావా ఫారం-సిలో వేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో చాలా పత్రాలు వీఎస్‌ఎస్‌ల పేరున ఇచ్చేశారు, చట్టంలో అందుకు ఆధారం లేదు. మీ ఊరి పత్రం తీసి పేరు చూడండి. గ్రామసభ అని లేకపోతే దిద్దమని తీర్మానం చేసి జిల్లా కమిటీకి పంపండి.

అపోహ: ఊట, గెడ్డ ప్రభుత్వానివి. పైపులైను వేసేది ఇంజినీర్లు, ఊరికి పనేమీ లేదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని పెసా అంటుంది. పరీవాహకాన్ని, నీటి వనరులను కాపాడే అధికారం అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ హక్కుదారులకూ గ్రామసభకూ ఇస్తుంది. అడవిలో ట్యాంకు, పైపులైను, వాన నీటి కట్టడం కావాలంటే 3(2) సెక్షన్ కింద గ్రామసభ సిఫారసు తప్పనిసరి. ఒక్కో పనికి భూమి హెక్టారు లోపు, కొట్టే చెట్లు హెక్టారుకు 75 మించకూడదు. కాగితం డీఎఫ్‌ఓ (డివిజనల్ అటవీ అధికారి) దాకా పోతుంది.

కాగితం సరే, నీటి సంగతి చూద్దాం. కొండ ఊట నుంచి గ్రావిటీ పైపు వేసేటప్పుడు మొదటి తప్పు కొలతలోనే. దీపావళి తర్వాత కొలిస్తే ఏ ఊటైనా ఊరంతటికీ చాలుతుంది. కొలవాల్సింది ఏప్రిల్ చివర, మే నెలలో. 15 లీటర్ల బకెట్, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. బకెట్ నిండడానికి 60 సెకన్లు పట్టిందంటే రోజుకు 21,600 లీటర్లు. మనిషికి 55 లీటర్ల లెక్కన 390 మందికి సరిపోతుంది. అదే 100 సెకన్లు పడితే 235 మందికే. మూడుసార్లు కొలిచి సగటు తీసి ఆ అంకెను గ్రామసభ బుక్‌లో రాసుకోండి. ఎస్టిమేట్‌లో వేరే అంకె కనపడితే ఆ రోజే అడగొచ్చు.

రెండో తప్పు ఇన్‌టేక్ ట్యాంకు. నీళ్లు ఎక్కువ పట్టాలని గోడ ఎత్తు పెంచి, ఓవర్‌ఫ్లో పైపు ఊట కన్ను (నీరు బయటికొచ్చే రంధ్రం) కంటే పైన పెడతారు. లోపల మట్టం కన్ను దాటగానే ఎదురు ఒత్తిడి పుట్టి, నీరు మరో సందు వెతుక్కుని పక్క నుంచి పోతుంది. తర్వాత ట్యాంకు పగలగొట్టినా పాత దారికి తిరిగి రాకపోవచ్చు. ఓవర్‌ఫ్లో కన్ను కంటే జానెడు కిందికే ఉండాలి. పైపు మెట్టెక్కే చోట ఎయిర్ వాల్వ్, పల్లంలో బురద వదిలే వాష్‌అవుట్ లేకపోతే మొదటి ఏడాదే గాలి పట్టి, బురద పేరుకుని ఆగుతుంది. నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపును నేల మీద వదిలేస్తే వేసవి కారుచిచ్చుకు కరిగిపోతుంది.

మూడోది ఎవరూ చూడనిది. ఊట ఉన్న వాలు మీదే వాన ఇంకుతుందని లేదు. రాతి పొర ఎటు వాలి ఉందో నీరు అటు దిగుతుంది. ఇంకే చోటు కొండకు ఆవలి వైపు, పక్క ఊరి అడవిలో ఉండొచ్చు. కందకాలు ఈవల తవ్వి ఊట పెరగలేదని కూర్చుంటే లాభం లేదు. అందుకే ఫారం-సి పటం గీసేటప్పుడే పక్క ఊరి కమిటీతో కలిసి హద్దు నడవాలి. హద్దులు ఒకదాని మీదొకటి పడితే రెండు కమిటీలూ కలిసి కూర్చోవాలనే నిబంధన ఎలాగూ ఉంది; ఊట ఎక్కడ ఇంకుతుందో కూడా ఆ సమావేశంలోనే రాసుకోవచ్చు. పైన కాఫీ పల్పింగ్ (పండు తొక్క తీయడం) చేసే తోటలుంటే, ఆ పులిసిన నీళ్లు గెడ్డలో కలవకుండా గుంట ఎక్కడ తీయాలో కూడా.

అపోహ: హక్కు పత్రం వస్తే పని అయిపోయినట్టే.

అసలు పని అప్పుడే మొదలవుతుంది. గ్రామసభ తన సభ్యుల నుంచే ఒక కమిటీని వేసి అడవి నిర్వహణ ప్రణాళిక రాయించాలి: అడవిలో ఏ కంపార్ట్‌మెంట్‌లో (విభాగంలో) వెదురు ఎన్నేళ్లకోసారి కోయాలి, నిప్పు గీతలు ఎక్కడ, మేత ఎక్కడ ఆపాలి. దాన్ని అటవీశాఖ వర్కింగ్ ప్లాన్‌తో ఈ కమిటీయే కలపాలి. వెదురు, తునికాకు, తేనె, జిగురు తరలించడానికి రవాణా పర్మిట్ ఇచ్చేదీ ఈ కమిటీయే. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా 2009లో 1,800 హెక్టార్ల పైచిలుకు అడవి మీద హక్కు పొందినా, వెదురు రవాణా పుస్తకం చేతికి రావడానికి 2011 దాకా పోరాడాల్సి వచ్చింది. కొట్టేసి అమ్ముకుంటారని భయపడేవాళ్లు ఒకటి గమనించాలి. చట్టం ఇచ్చిన యాజమాన్యం కలపేతర ఫలసాయం మీదే. కలప అందులో లేదు.

అపోహ: దావా తిరస్కరించారు కాబట్టి ఖాళీ చేయాల్సిందే.

దావా తిరస్కరించినవాళ్లను ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు నుంచి ఈ భయం మొదలైంది. అదే నెల 28న ఆ ఉత్తర్వును కోర్టే నిలిపేసింది. గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ కదిలించకూడదని 4(5) సెక్షన్ ఉండనే ఉంది. తిరస్కరిస్తే కారణాలతో కాగితం దావాదారు చేతికే ఇవ్వాలి. 60 రోజుల్లో పై కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. కాగితమే అందకపోతే "తిరస్కరణ నకలు ఇవ్వండి" అని లిఖితంగా అడగండి, రసీదు తీసుకోండి. అర్జీకి మినిట్స్ పేజీ నకలు, రేంజ్ ఆఫీసు స్టాంపు ఉన్న సమాచార పత్రం, పెద్దల వాంగ్మూలం జతచేయండి. అసళ్లు ఊళ్లోనే, తాళం ఉన్న రేకు పెట్టెలో ఉండాలి.