లీజు అయిపోయిన కారు కొంటున్నారా? అపోహలు - వాస్తవాలు

డాలస్ దగ్గర ఒక క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులదే అయిన చిన్న బ్యాంకు లాంటిది) కార్ లోన్లు చూస్తుంటాను. లీజు బైఅవుట్ లోన్, అంటే లీజుకు తీసుకున్న కారునే కొనుక్కోవడానికి లోన్, కావాలని మనవాళ్లు తెచ్చే కాగితాల్లో మళ్లీ మళ్లీ అదే తప్పు: కాంట్రాక్టులో ఉన్న ధర చూడకుండా డీలర్ రాసిచ్చిన అంకె పట్టుకొస్తారు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకే రాసి పెడుతున్నా.

అపోహ: లీజు అయ్యాక కారు ధర డీలర్ చెప్తాడు, మనం బేరమాడుకోవాలి.

వాస్తవం: అసలు ఆ కారు డీలర్‌ది కాదు, లీజింగ్ కంపెనీది. చివర్లో ఎంతకు కొనుక్కోవచ్చో మీరు మొదట సంతకం పెట్టిన కాంట్రాక్టులోనే ఉంటుంది. 1976 నాటి కన్స్యూమర్ లీజింగ్ చట్టం కింద, కొనే ఆప్షన్ ఇచ్చినప్పుడు దాని ధర కూడా కాగితం మీద చూపించాలి. అయినా చాలామంది ఆ కాగితం తియ్యరు, డీలర్‌కి ఫోన్ చేసి "ఎంతవుతుందండీ" అని అడుగుతారు. అలా అడిగారంటే కాంట్రాక్టు మీరు చూడలేదని అతనికి అర్థమైపోతుంది.

ఆ మధ్య ఇక్కడికి దగ్గర్లోని ఫ్రిస్కో నుంచి ఒకమ్మాయి వచ్చింది. భర్త ఉద్యోగం పోయింది, హెచ్-1బి వీసా మీద ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే అరవై రోజుల లెక్క నడుస్తోంది, ఆ టెన్షన్ మీద ఈ కారొకటి. "అన్నా, రేపటికల్లా సంతకం పెట్టకపోతే కారు ఆక్షన్‌కి వెళ్లిపోతుందంటున్నారు, 22,900కి లోన్ వస్తుందా?" అంది. డీలర్ ఇచ్చిన కాగితంలో కింది అంకె చుట్టూ పెన్నుతో పెద్ద సున్నా, పైన చిన్న అక్షరాల్లో లైన్లు: సర్టిఫికేషన్, ఇన్‌స్పెక్షన్, పెయింట్ ప్రొటెక్షన్. కాంట్రాక్టు ఫోన్‌లో ఉందేమో చూడమన్నాను, ఈమెయిల్‌లో దొరికింది. రెసిడ్యువల్, అంటే లీజు చివర్లో కారు విలువ ఇంతని కాంట్రాక్టులో ముందే రాసిన ధర, 18,400, పర్చేజ్ ఆప్షన్ ఫీజు 300. టెక్సస్ టాక్స్ 6.25 శాతం అంటే ఇంకో 1,150. టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) ఖర్చులతో కలిపి ఇరవై వేల దగ్గర తేలాలి. ఇక ఆ ఇన్‌స్పెక్షన్ అంటారా, మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌ని టెక్సస్ 2025 జనవరి నుంచి ఎత్తేసింది. మన కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ (పొగ పరీక్ష) ఒక్కటే మిగిలింది, దానికి పాతిక డాలర్లు కూడా కావు, ఇతను మాత్రం 495 వేశాడు!

నా టేబుల్ దగ్గరే స్పీకర్ పెట్టి లీజింగ్ కంపెనీకి ఫోన్ చేయించాను. పదిరోజుల పేఆఫ్ లెటర్, అంటే పదిరోజుల్లోపు ఎంత కడితే కారు మనదవుతుందో చెప్పే కాగితం, ఈమెయిల్‌కి వచ్చింది, కాంట్రాక్టులో ఉన్న అంకే. చెక్ నేరుగా వాళ్లకే పంపాం, ఆ డీలర్ మొహం మళ్లీ చూడాల్సిన పని పడలేదు.

కొన్ని కంపెనీలు డీలర్ ద్వారానే కొనాలంటాయి, అది నిజమే. అప్పుడు కూడా కాంట్రాక్టు ధర మారదు, టాక్స్, టైటిల్, డాక్యుమెంట్ ఫీజు కాక ఇంకే లైన్ కనిపించినా "ఇది కాంట్రాక్టులో ఎక్కడుంది?" అని అడగండి. నసిగితే అదే బ్రాండ్ ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లండి. న్యూయార్క్‌లో అటార్నీ జనరల్ ఆఫీసు ఇలాంటి ఫీజులు వేసిన డీలర్లను పట్టుకుని కస్టమర్లకు డబ్బు వెనక్కి ఇప్పించింది, కాబట్టి ఇది ఒక్క ఊరి గోల కాదు.

అపోహ: మైళ్లు దాటిపోయాయి, ఫైన్ కట్టాకే కొననిస్తారు.

వాస్తవం: మైలుకు ఇన్ని సెంట్లని వేసేది కారు తిరిగిచ్చేవాళ్లకు. కొనుక్కుంటే మామూలుగా అది ఉండదు, డెంట్ల ఛార్జీ, డిస్పొజిషన్ ఫీజు (కారు తిరిగిచ్చినప్పుడు వేసేది) కూడా ఉండవు. ఎనిమిది వేల మైళ్లు దాటి, మైలుకు 25 సెంట్లయితే రెండు వేల డాలర్లు. కొనాలా వద్దా అన్న లెక్కలో దాన్ని కూడా వేసుకోండి.

అపోహ: లీజులో టాక్స్ కట్టేశాం, మళ్లీ ఎందుకు?

వాస్తవం: టెక్సస్‌లో అయితే మళ్లీ కట్టాలి. లీజింగ్ కంపెనీ కారు కొన్నప్పుడు పడిన టాక్స్ వేరు, మీరు కొనేటప్పుడు పడేది వేరు. కోపం వస్తుంది, నాకూ వస్తుంది, కానీ ఇందులో మోసం లేదు.

అపోహ: రెసిడ్యువల్‌కి కొంటే ఎప్పుడూ లాభమే.

వాస్తవం: ఇది వాట్సాప్ గ్రూపుల పుణ్యం. 2021, 22లో చిప్పుల కొరత వల్ల పాత కార్ల ధరలు ఆకాశానికి వెళ్లాయి, అప్పుడు కొన్నవాళ్లు బాగుపడ్డారు, వాళ్ల కథలే ఇప్పటికీ ఫార్వర్డ్ అవుతున్నాయి. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి కథ తిరగబడింది. రెసిడ్యువల్ 30,000 అని రాసుంటే అదే మోడల్, అవే మైళ్లతో బయట 23,000కి దొరుకుతుండొచ్చు. అలాంటప్పుడు తిరిగిచ్చేవాళ్లకు పడే ఛార్జీలు లెక్క చూసుకుని, తాళం వాళ్ల చేతిలో పెట్టి వచ్చేయండి, ధర పడిపోయిన నష్టం మామూలుగా మీది కాదు. అదే కారు మీద మరీ మనసు పడితే, తగ్గిస్తారేమో లీజింగ్ కంపెనీనే అడగండి. ఒక్కోసారి వాళ్లే ఆఫర్ పంపుతారు.

లోన్ మాత్రం డీలర్ ఫైనాన్స్ రూమ్‌లో కూర్చుని ఒప్పుకోకండి, ముందే రెండు చోట్ల రేటు కనుక్కోండి. కొన్ని బ్యాంకులు వీసా గడువు చూసి లోన్ కాలం తగ్గిస్తాయి, ఐ-797 (వీసా ఆమోదించినట్టు వచ్చే నోటీసు) దగ్గర పెట్టుకోండి. పేఆఫ్ అయ్యాక టైటిల్ రావడానికి వారాలు పట్టొచ్చు, అందుకని రిజిస్ట్రేషన్ ఎప్పుడు అయిపోతుందో చూసుకుని లీజు ముగిసేదానికి నెల ముందే మొదలుపెట్టండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఒక ఫోన్ కొట్టి, పాలసీలో లీజింగ్ కంపెనీ పేరు తీయించండి.