చేతిపనికి పూచీ ఎవరిది?

సంతకం పెడితే చాలు, ల్యాప్‌టాప్ ఉచితం. పదేళ్ల కిందట ఆస్ట్రేలియాలో వృత్తి విద్యా కోర్సులు అమ్మిన దళారులు ఇంటింటికీ తిరిగి ఇదే చెప్పారు. పేదల కాలనీలకు, మారుమూల ఆదివాసీ పల్లెలకు, చదవడం రాయడం సరిగా రానివాళ్ల దగ్గరకు కూడా వెళ్లారు. ఆ సంతకంతో విద్యార్థి పేరున ప్రభుత్వ రుణం మంజూరయ్యేది, డబ్బు మాత్రం నేరుగా శిక్షణ సంస్థకు చేరేది. వెట్ ఫీ-హెల్ప్ అనే ఈ పథకంలో 2009లో 5,262 మంది విద్యార్థులుంటే 2015 నాటికి వాళ్లు 2,72,000 మంది అయ్యారు. రుణాల మొత్తం 2.6 కోట్ల డాలర్ల నుంచి 290 కోట్ల డాలర్లకు పెరిగింది. కోర్సు పూర్తిచేసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. 2016 చివరికి ప్రభుత్వం ఆ పథకాన్ని మూసేసి, కఠినమైన షరతులతో ఇంకోటి తెచ్చింది.

తనిఖీ చేసేవాళ్లు లేక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. వృత్తి విద్యను నియంత్రించే జాతీయ సంస్థ అక్కడ 2011 నుంచే పనిచేస్తోంది. ప్రమాణాలు, ఫారాలు, రిజిస్ట్రేషన్లు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే. ‘ఈ మనిషికి పని వచ్చు’ అని కాగితం మీద రాసిచ్చేవాడు, ఆ మాట తప్పయితే తాను నష్టపోయే చోట నిలబడి లేడు. వృత్తి విద్యలో పాలన, నాణ్యత అంటూ సాగే చర్చల చరిత్ర అంతా ఈ పూచీ చేతులు మారిన చరిత్రే అని నా అభిప్రాయం.

మధ్యయుగాల యూరప్‌లో ఈ పూచీ గిల్డ్‌లది, అంటే వృత్తి సంఘాలది. కుర్రవాణ్ని పనిలో చేర్చేటప్పుడు ఒకే తోలు కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్లలా కోసేవారు. ఒక ముక్క మేస్త్రి దగ్గర, ఇంకోటి కుర్రవాడి తరఫువాళ్ల దగ్గర ఉండేది. తగాదా వస్తే రెండూ పక్కపక్కన పెట్టి పళ్లు కలుస్తున్నాయో లేదో చూసేవారు. అప్రెంటిస్ ఒప్పందానికి ఇంగ్లిష్‌లో ఇండెంచర్ అనే పేరు ఆ పళ్ల వల్లే వచ్చింది. ఏళ్ల తరబడి పని నేర్చి, కూలికి ఊళ్లు తిరిగి, చివరికి ఒక మేలైన వస్తువు చేసి సంఘం పెద్దల ముందు పెట్టాలి. వాళ్లు ఒప్పుకుంటేనే మేస్త్రి అవుతాడు. నాసిరకం సరుకు బయటికొస్తే చెడ్డపేరు సంఘానికంతటికీ తగిలేది కాబట్టి తనిఖీకి విలువ ఉండేది.

మరి ఆ తనిఖీ ఎందాకా పోయింది? ఇంగ్లండ్‌లో 1563 నాటి చట్టం అప్రెంటిస్‌గిరీ కనీసం ఏడేళ్లుండాలని శాసించింది. పని కష్టమైనదా తేలికైనదా అన్న ప్రసక్తి లేదు. చాలా వృత్తులకు ఇంతకాలం అక్కర్లేదనీ, పోటీని తగ్గించుకోవడానికే సంఘాలు ఈ గడువును పట్టుకు వేలాడుతున్నాయనీ 1776లో ఆడమ్ స్మిత్ దుయ్యబట్టాడు. మేస్త్రి కొడుకుకు ఒక రుసుము, పరాయివాడికి ఇంకో రుసుము అన్న కథలు చాలా ఊళ్ల గిల్డ్‌లలో ఉన్నాయి. ఫ్రాన్స్ 1791లో గిల్డ్‌లను ఎత్తేసింది. ఇంగ్లండ్ 1814లో ఏడేళ్ల నిబంధనను తీసేసింది. నాణ్యత అనే మాట చాటున ‘మనవాళ్లు కానివాళ్లను రానివ్వొద్దు’ అనేది ఎంత సులువుగా దాక్కుంటుందో అప్పుడే తేలింది. లైసెన్సుల గురించి నేటికీ జరిగే వాదనల్లో ఆ దాగుడుమూతలు కనిపిస్తాయి.

గిల్డ్‌లు పోయాక ఆ స్థానంలో చాలాకాలం ఎవరూ నిలబడలేదు. ఫ్యాక్టరీల్లో అప్రెంటిస్ అన్న పేరు మిగిలింది గానీ నేర్పడం మిగల్లేదు, చాలాచోట్ల అది చౌకగా దొరికే పిల్లల కూలికి మర్యాదైన పేరు అయింది. జర్మనీ మాత్రం వెనక్కి తిరిగింది. 1897లో చేతివృత్తుల చాంబర్లకు, అంటే ఆ వృత్తులవాళ్ల సంఘాలకు, చట్టబద్ధమైన అధికారాలిచ్చింది. మేస్త్రి పరీక్ష నెగ్గినవాడే చేతివృత్తుల్లో అప్రెంటిస్‌ను పెట్టుకోవాలని 1908లో నియమం చేసింది. అదే కాలంలో మ్యూనిక్ నగర పాఠశాలల అధికారి గెయోర్గ్ కెర్షెన్‌స్టైనర్, పనిలో ఉన్న కుర్రవాళ్ల కోసం వృత్తుల వారీగా బడులు పెట్టించాడు. వారంలో కొన్ని గంటలు బడి, మిగతా రోజులు పనిచోటు. ఇప్పుడు ద్వంద్వ విధానం అని ప్రపంచమంతా చెప్పుకునేదానికి ఒక మూలం ఇక్కడుంది.

1969లో వచ్చిన వృత్తి శిక్షణ చట్టం ఈ ఏర్పాటుకు ఆధునిక రూపం ఇచ్చింది. ఒక వృత్తికి సిలబస్ మారాలంటే యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు, కేంద్ర ప్రభుత్వం, రాష్ట్రాలు కూర్చుని ఒప్పుకోవాలి. ఇది నత్తనడక అని తిట్టేవాళ్లున్నారు, అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ నెమ్మదిలో ఒక లాభం ఉంది. తాను ఒప్పుకున్న సిలబస్‌ను యజమాని రేపు ‘ఇది పనికిరాదు’ అని తోసెయ్యలేడు. పరీక్ష పెట్టేది కూడా నేర్పిన సంస్థ ఒక్కటే కాదు. చాంబర్ ఏర్పాటు చేసే కమిటీలో యజమానుల మనిషి, కార్మికుల మనిషి, వృత్తి బడి టీచర్ ఉంటారు.

జర్మనీలోనే జరిగిన ఒక చిన్న ప్రయోగం నాకు పెద్ద నివేదికల కంటే విలువైనదిగా తోస్తుంది. పనిచోట నేర్పేవాడికి నేర్పే అర్హత కూడా ఉండాలని 1972లో ఒక నియమం పెట్టారు. పని బాగా రావడం వేరు, కుర్రవాడికి చెప్పడం వేరు కదా. 2003లో అప్రెంటిస్ సీట్లు చాలక, ఈ పరీక్ష అడ్డొస్తోందని దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టారు. తర్వాత జర్మనీ కేంద్ర వృత్తి విద్యా సంస్థ చూస్తే, అర్హత ఉన్న శిక్షకులు లేని కంపెనీల్లో శిక్షణ మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. 2009 ఆగస్టులో నియమాన్ని మళ్లీ తెచ్చారు. ప్రభుత్వం తాను సడలించినదాన్ని కొలిచి చూసి, తప్పని ఒప్పుకుని వెనక్కి తీసుకోవడం ఈ రంగంలో తరచుగా జరిగేది కాదు.

బ్రిటన్ దారి వేరు. 1964లో పారిశ్రామిక శిక్షణ బోర్డులు పెట్టి, కంపెనీల దగ్గర సుంకం వసూలు చేసి శిక్షణ ఇచ్చినవాళ్లకు పంచింది. 1980ల మొదట్లో వాటిలో ఎక్కువ బోర్డులను ఎత్తేసింది. 1986లో వృత్తి అర్హతల జాతీయ మండలి వచ్చింది. దాని ఆలోచన వినడానికి బాగుంటుంది. ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చావని అడగొద్దు, చేతనవునో కాదో చూడండి చాలు అన్నారు. ఏడేళ్ల గడువుకు ఇది సరిగ్గా వ్యతిరేకం. చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. విద్యార్థి పాసైతే శిక్షణ సంస్థకు నిధులు, పాసయ్యాడని టిక్కు పెట్టేది ఆ సంస్థ పెట్టుకున్న మూల్యాంకకులే. కంచె చేను మేయడానికి ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు ఉండదు.

తర్వాత బడుల ర్యాంకుల పట్టికల్లోనూ అదే జరిగింది. వృత్తి కోర్సులను మామూలు పరీక్షలతో సమానంగా లెక్కించడం మొదలవగానే పదహారేళ్లలోపు పిల్లలు పాసైన అలాంటి కోర్సులు 2004లో 15,000 ఉంటే 2010కి 5,75,000 అయ్యాయి. 2011లో ఆలిసన్ వుల్ఫ్ ప్రభుత్వానికిచ్చిన సమీక్షలో ఈ లెక్క ఉంది. పదహారు, పదిహేడేళ్ల వాళ్లలో కనీసం 3,50,000 మందికి తాము చదివేదానివల్ల లాభం లేదనో, ఉన్నా చాలా కొద్దనో కూడా ఆమె రాశారు. ఆ పిల్లలు పాసయ్యారు, బడి పట్టికలో పైకి వెళ్లింది, ఉద్యోగమిచ్చేవాడు మాత్రం ఆ కాగితాన్ని పట్టించుకోలేదు.

ఇదంతా కుర్రవాళ్ల సంగతి. పెద్దవాళ్ల చదువు వేరే దారిన వచ్చి ఈ కథలో కలిసింది. వయోజన విద్య శాశ్వతమైన జాతీయ అవసరమని 1919లోనే బ్రిటన్ పునర్నిర్మాణ శాఖ కమిటీ చెప్పింది. 1971లో ఫ్రాన్స్ చట్టం చేసి ఉద్యోగుల శిక్షణకు కంపెనీలు ఖర్చు పెట్టి తీరాలంది. 1972లో యునెస్కో కోసం ఎడ్గార్ ఫోర్ కమిషన్ ఇచ్చిన నివేదిక, చదువును బాల్యానికి కట్టిపడెయ్యకుండా జీవితమంతా పరచాలని కోరింది. 1974లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతంతో కూడిన చదువు సెలవు గురించి ఒప్పందమే రాసింది. అప్పటి భాష పౌరుడి గురించి, మనిషి ఎదుగుదల గురించి. 1990లు వచ్చేసరికి ‘జీవితమంతా చదువు’ అనే అదే మాట వెంట ఉద్యోగాలు, పోటీ, నైపుణ్యాల కొరత వినిపించాయి. పేరు మారలేదు, లోపలి సరుకు మారింది.

పెద్దవాళ్ల చదువుకు కాపలా కాయడం బడికి కాపలా కాసినంత సులువు కాదు. కోర్సు మూడు వారాలే ఉండొచ్చు, చెప్పేది ఒకే గది ఉన్న సంస్థ కావచ్చు. కార్మిక శాఖ విద్యాశాఖ వైపు, విద్యాశాఖ కార్మిక శాఖ వైపు చూపిస్తాయి. అందుకని డబ్బు నేరుగా నేర్చుకునేవాడి చేతికిస్తే వాడే మంచి సంస్థను ఎంచుకుంటాడని అనుకున్నారు. బ్రిటన్ 2000 సెప్టెంబరులో వ్యక్తిగత అభ్యసన ఖాతాలు తెరిచింది. పది లక్షల ఖాతాలు లక్ష్యమైతే 26 లక్షలు తెరుచుకున్నాయి. సంబరం ఏడాది దాటి కొద్ది నెలలే. సంస్థల అర్హతను ముందుగా చూసే పద్ధతే లేకపోవడంతో మోసగాళ్లు ఖాతాల నంబర్లు సంపాదించి, చెప్పని కోర్సులకు డబ్బు తీసుకున్నారు. 2001 నవంబరులో పథకం మూతపడింది.

ఫ్రాన్స్ కూడా ఆ దెబ్బ తిన్నాకే నేర్చుకుంది. 2019లో వ్యక్తిగత శిక్షణ ఖాతాను గంటల లెక్క నుంచి యూరోల లెక్కకు మార్చి, ఏడాదికి 500 యూరోలు జమ చేస్తూ ఫోన్ యాప్‌లో పెట్టింది. ఇక ఫోన్లు, మెసేజ్‌లు మోగిపోయాయి. ‘మీ ఖాతాలో డబ్బు మురిగిపోతుంది’ అంటూ వెంటపడేవాళ్లను ఆపడానికి 2022 డిసెంబరులో ప్రత్యేక చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ప్రభుత్వ సొమ్ము ముట్టుకునే శిక్షణ సంస్థకు నాణ్యతా ధ్రువీకరణ ఉండాలన్న షరతు అదే ఏడాది మొదట్లో అమలులోకి వచ్చింది. తాళం ముందు, తలుపు తర్వాత అయితే బాగుండేది.

దేశాలు విడివిడిగా ఇలా ఎదురుదెబ్బలు తింటుండగా, వాటన్నిటికీ ఒకే కొలబద్ద తయారు చేద్దామన్న ప్రయత్నం కూడా నడిచింది. 2002 నవంబరులో కోపెన్‌హాగన్‌లో యూరప్ మంత్రులు వృత్తి విద్యలో కలిసి పనిచేస్తామన్నారు. 2008లో ఎనిమిది మెట్ల అర్హతల చట్రం (ఏ దేశపు పట్టా ఏ స్థాయిదో పోల్చే నిచ్చెన), 2009లో నాణ్యతా హామీ చట్రం వచ్చాయి. రెండోదాన్ని ఈక్వావెట్ అంటారు. ప్రణాళిక వెయ్యడం, అమలు చెయ్యడం, అంచనా కట్టడం, సరిదిద్దడం దానిలో ఉన్న చక్రం. ఇది ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనైనా దొరికేదే. దానికంటే పనికొచ్చేవి దాని సూచికలు. నేర్చుకున్నవాడికి ఉద్యోగం వచ్చిందా, నేర్చిన పని ఆ ఉద్యోగంలో వాడుతున్నాడా అని అవి అడుగుతాయి. చదువు ముగించినవాళ్లు ఏమయ్యారో జాడ పట్టాలని 2017లో ఇంకో సిఫార్సు చేశారు.

మెట్ల చట్రాలు యూరప్ దాటి వందకు పైగా దేశాలకు పాకాయి. వాటి మీద నాకు అంత నమ్మకం లేదు. దక్షిణాఫ్రికా 1995లోనే చట్టం చేసి, వేలాది ప్రమాణాలను ఒక్కొక్కటిగా రాయించింది. వాటిలో చాలావాటితో ఒక్క విద్యార్థికీ పాఠం చెప్పలేదు. 2008లో ఆ చట్టాన్నే తిరగరాసుకుంది. గడులు గీసినంత మాత్రాన వర్క్‌షాపులో లేత్ మిషన్ రాదు, నేర్పే మనిషీ రాడు.

2022 జూన్ 16న యూరోపియన్ యూనియన్ మంత్రుల మండలి ఒకేసారి రెండు సిఫార్సులు చేసింది. ఒకటి వ్యక్తిగత అభ్యసన ఖాతాల గురించి. బ్రిటన్‌లో ఇరవై ఏళ్ల కిందట మూతపడిన పథకం పేరే దానికీ ఉంది, కానీ ఈసారి ఖాతా డబ్బు ఖర్చుపెట్టగలిగేది నాణ్యత చూసి జాబితాలో చేర్చిన కోర్సుల మీదే. రెండోది మైక్రో-క్రెడెన్షియళ్ల గురించి, అంటే కొన్ని వారాల చిన్న కోర్సులకిచ్చే ధ్రువపత్రాల గురించి. అలాంటి పత్రం మీద తప్పకుండా ఉండాల్సిన వివరాల పట్టిక అందులో ఉంది. నేర్చుకున్నవారి పేరు, పత్రం ఇచ్చిన సంస్థ, తేదీ, ఏం నేర్చారో వంటివాటితో పాటు ఎలా పరీక్షించారు, నాణ్యతను ఏ పద్ధతిలో చూశారు అనే రెండు గడులున్నాయి. సిఫార్సు కాబట్టి నిర్బంధం లేదు. ఆ చివరి గడిని ఎవరి చేత నింపించాలో ఏ దేశానికా దేశమే తేల్చుకోవాలి.